తుక్కుతో బొమ్మలు చేసే అబ్బాయిని ఏ కోర్సులో చేర్చాలి?

నిడదవోలు నుంచి ఒక తండ్రి రాశారు. ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్న వారి అబ్బాయి విరిగిన గొడుగు కమ్మీలు, కొబ్బరి పీచు, పాత సైకిల్ ట్యూబులతో పక్షుల బొమ్మలు చేస్తూ, బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ)లో శిల్పం చదువుతానంటున్నాడు. బంధువులు బీడిజైన్ (వస్తువులు, తెరల వంటివాటి రూపకల్పన నేర్పే డిగ్రీ) మేలంటున్నారు. రెండింటిలో ఏది మంచిది, అసలు పారేసిన వస్తువులతో చండీగఢ్‌లో రాక్ గార్డెన్ అనే శిల్పాల తోట కట్టిన నేక్‌చంద్ ఏ కళాశాలలోనూ నేర్చుకోనప్పుడు వీడు బీటెక్ చదువుతూ తీరికవేళ ఇవి చేసుకుంటే సరిపోదా అన్నది వారి ప్రశ్న.

మీరు అడిగింది కోర్సుల గురించే అయినా, వీధిలో చెత్త ఏరుకొచ్చేవాడు రేపు ఎలా బతుకుతాడు, నలుగురూ ఏమనుకుంటారు అన్న దిగులే ఉత్తరం నిండా కనబడుతోంది. ఇదే దిగులుతో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు ఏటా ఉంటారు కనుక ముందు దానికే జవాబు చెబుతాను.

నేక్‌చంద్ ప్రజాపనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టర్. కొత్త నగరం కోసం ఖాళీ చేయించిన పల్లెల శిథిలాల నుంచి పగిలిన గాజులు, పింగాణీ పెంకులు ఏరుకొచ్చి, 1957 నుంచి పద్దెనిమిదేళ్లపాటు, నిర్మాణాలు నిషిద్ధమైన అటవీ భూమిలో, ఎవరికీ తెలియకుండా పని చేశారు. అధికారుల కంటపడ్డాక కూల్చివేత తప్పదనుకున్న ఆ తోటను 1976లో ప్రజల కోసం తెరిచారు, 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఉద్యోగం చేసుకుంటూనే సాధించాడన్న మీ మాట నిజమే. అయితే ఆయనకు వేరే దారి లేదు, మీ అబ్బాయికి ఉంది. చేతిలో పనితనం ఉన్న పిల్లవాణ్ణి ఇష్టంలేని నాలుగేళ్ల చదువులో కూర్చోబెట్టడానికి ఆయన జీవితాన్ని సాక్ష్యంగా తేవడం న్యాయం కాదు.

బీడిజైన్ విషయంలో నాకు అనుమానాలున్నాయి. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వంటి ప్రభుత్వ సంస్థలో సీటు వస్తే సంతోషంగా పంపండి, అక్కడ చెక్క, మట్టి, లోహం చేత్తో పట్టుకుని పనిచేసే వర్క్‌షాపులుంటాయి. కానీ ఈమధ్య పుట్టుకొచ్చిన అనేక ప్రైవేటు కళాశాలల్లో లక్షల ఫీజు కట్టిన పిల్లలు ఎక్కువ కాలం కంప్యూటర్ ముందు కూర్చుని మొబైల్ యాప్‌ల తెరలు గీయడం నేర్చుకుంటున్నారు. అది మంచి పనే, మార్కెట్‌లో గిరాకీ ఉన్న పనే. కాకపోతే కమ్మీని ఎంత వంచితే విరగకుండా నిలుస్తుందో వేళ్లతో తెలుసుకున్నవాడికి అది ఊపిరాడని చోటు. బంధువులు చెప్పారని చేర్చకండి, వర్క్‌షాపు ఉందో లేదో మీరే వెళ్లి కళ్లారా చూడండి.

మీరు పంపిన ఫోటోలోని కొంగను చాలాసేపు చూశాను. మెడ వంపు దగ్గర పీచును పురిపెట్టి, ఈకల దగ్గర విప్పి వదిలేశాడు. ఒంటికాలి మీద బరువు ఆగడానికి కమ్మీని మూడుసార్లు మార్చాడని మీరే రాశారు. అదే ఉత్తరంలో, పరీక్షలు దగ్గరపడ్డాయని అతను తుక్కు దాచుకున్న గోనెసంచిని మున్సిపాలిటీ బండిలో వేయించానని కూడా రాశారు. కోపం తెచ్చుకోకండి, అది మీరు చేయకూడని పని. పుస్తకాలు పారేసే తండ్రి కారు గదా మీరు!

హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లోనూ విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ బీఎఫ్‌ఏ శిల్ప విభాగం ఉంది. సూర్యాపేటలో పుట్టిన రవీందర్‌రెడ్డి బరోడాలో శిల్పం చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బోధిస్తూనే ఫైబర్‌గ్లాస్ స్త్రీ శిరస్సులతో దేశవిదేశాల్లో పేరు పొందారు. అందరికీ అంత పేరు రాదు, మొదట్లో రాబడి తక్కువే ఉంటుంది. అయినా పాఠశాలల్లో కళా ఉపాధ్యాయులు, సినిమా సెట్ల విభాగాలు, ఎంఎఫ్‌ఏ (లలితకళల్లో పీజీ) తర్వాత అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాసి అధ్యాపకులు కావడం వంటి దారులున్నాయి, తెనాలిలో ఇనుప తుక్కుతో విగ్రహాలు చేసి జీవనం సాగిస్తున్నవారూ ఉన్నారు. మీ అబ్బాయి ఆకలితో ఉండడు.

ఇంటర్ పరీక్షలు బాగా రాయమనండి. అవి ముగిశాక కొంగతో పాటు నిలబడక విరిగిపోయిన పాత కాళ్లను కూడా ఫోటోలు తీయించి, తేదీలు వేసి ఒక ఫైలు కట్టించండి. పారేసిన సంచికి బదులు కొత్తది మీరే కొనిచ్చి, దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలో అతన్నే అడగండి.