బోరింగ్ చేయించాక బుల్లెట్ ఎదురు తన్నుతోందా?

ప్రశ్న: మా నాన్నగారి బుల్లెట్ 350 ఇది, 1988 మోడల్, పాయింట్లు (విడిపోగానే ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు) ఉన్న పాత ఇనుప ఇంజిన్. పొగ ఎక్కువైందని ఇంజిన్ దింపించి బోరింగ్ (అరిగిన సిలిండర్ లోపలి గోడను తొలిపించడం) చేయించాం, కొత్త పిస్టన్ వేశారు, వాల్వులు గ్రైండింగ్ చేశారు. అప్పట్నుంచి కిక్ కొడితే కార్బరేటర్‌లోంచి టప్‌మంటోంది. స్టార్టయ్యాక యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో పేలుతోంది. కార్బరేటర్ మార్చాలంటున్నాడు మెకానిక్. మార్చమంటారా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: ఇప్పుడే మార్చకండి. ఇంజిన్ విప్పకముందు ఇదే కార్బరేటర్‌తో బండి బాగానే తిరిగింది కదా, కాబట్టి ముందు అనుమానించాల్సింది విప్పి మళ్లీ బిగించినవాటిని. కార్బరేటర్‌లో పేలడం వేరు, సైలెన్సర్‌లో పేలడం వేరు. మీకు రెండూ ఉన్నాయి కాబట్టి విడివిడిగా చూద్దాం.

కార్బరేటర్‌లోంచి తన్నుతోందంటే నా మొదటి అనుమానం వాల్వుల్ని నెట్టి తెరిచే ట్యాపెట్ల మీదే, ఎందుకంటే వాల్వు గ్రైండింగ్ చేస్తే వాల్వు సీటులోకి కాస్త దిగుతుంది, దాని కాడ చివర ఆ మేరకు పైకి లేస్తుంది, దాంతో ట్యాపెట్ బిగుసుకుపోతుంది. ఇన్‌లెట్ వాల్వు పూర్తిగా మూసుకోకపోతే లోపలి మంట కార్బరేటర్ వైపే వస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో (రెండు వాల్వులూ మూసుకుని ఉండే దశ) పైకి తెచ్చి, బ్యారెల్ పక్కన ఒకే నట్టుతో ఉండే చిన్న మూత తీయండి. లోపల వాల్వుల్ని నడిపే రెండు కడ్డీలూ, అంటే పుష్‌రాడ్‌లు, వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. తిరగకపోతే దొంగ దొరికినట్టే.

అది సరిగ్గా ఉంటే చూడాల్సింది టైమింగ్, అంటే ప్లగ్‌లో నిప్పురవ్వ పడే సమయం. ముందు పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య పెట్టించండి, టైమింగ్ ఆ తర్వాతే, ఎందుకంటే గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారిపోతుంది. చాలామంది ఈ వరస తప్పుతారు. తర్వాత ప్లగ్ తీసి, టాప్ గేర్‌లో వేసి, వెనక చక్రం తిప్పుతూ పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తేవాలి. అక్కణ్నుంచి ఎక్కువే వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తెస్తూ, పైఅంచుకు 0.8 మి.మీ. ముందు ఆపాలి. నేరుగా వెనక్కి తిప్పి ఆపేస్తే గేర్ల మధ్య వదులు వల్ల లెక్క తప్పుతుంది. పాయింట్ల మధ్య పెట్టిన సిగరెట్ కాగితం సరిగ్గా ఆ చోట జారిరావాలి, అంటే పాయింట్లు అప్పుడే విడిపోతున్నాయన్నమాట. టైమింగ్ మరీ ముందుకుంటే కిక్ రాడ్ ఎదురు తన్ని కాలు మడమ దెబ్బతింటుంది, అందుకే ఇది తేలేదాకా ఎవరినీ గట్టిగా కిక్ కొట్టనివ్వకండి, ముఖ్యంగా చెప్పులతో.

కార్బరేటర్‌కీ హెడ్‌కీ మధ్య ప్యాకింగ్ పాతదే పెట్టేశారా, కొత్తది వేశారా అని కూడా అడగండి. అక్కడ గాలి పీలిస్తే మిశ్రమం పల్చబడి ఇదే శబ్దం వస్తుంది. అతుకు చుట్టూ కాస్త గ్రీజు రాసి చూస్తే తెలిసిపోతుంది, పెట్రోల్ చల్లి చూడటం మాత్రం వద్దు, నిప్పంటుకుంటుంది.

ఇక సైలెన్సర్. బెండ్ పైపు హెడ్ దగ్గర వదులుగా ఉంటే గాలి లోపలికి వెళ్లి, యాక్సిలరేటర్ వదలగానే మిగిలిన పెట్రోల్ ఆవిరి అక్కడ పేలుతుంది. కానీ బుల్లెట్‌లో చాలామంది చూడనిది డీకంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలే ఏర్పాటు) కేబుల్. దాని వాల్వు తెరుచుకునేది ఎగ్జాస్ట్ దారిలోకే. ఇంజిన్ బిగించేటప్పుడు కేబుల్‌ను టైట్‌గా లాగి పెడితే ఆ వాల్వు ఎప్పుడూ కాస్త తెరిచే ఉంటుంది, కాలని మిశ్రమం సైలెన్సర్‌లోకి కారుతుంది. హ్యాండిల్ దగ్గరి లివర్‌కు కొంచెం వదులు ఉందో లేదో చూడండి, చాలాసార్లు అక్కడితో ఆ పేలుడు ఆగిపోతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా పేలితేనే పాయింట్లు మాడకుండా కాపాడే కండెన్సర్ మార్చి చూడండి, ఆ తర్వాతే కార్బరేటర్ జోలికి వెళ్లండి. కొత్త గ్యాస్కెట్ సర్దుకున్నాక ట్యాపెట్లు మళ్లీ బిగుసుకుంటాయి కాబట్టి, కొన్నాళ్లు నడిపాక హెడ్ బోల్టులు ఒకసారి బిగించి, పుష్‌రాడ్‌లు తిరుగుతున్నాయో లేదో మళ్లీ చూసుకోండి.