మాహర్ కప్: ఒకే ఏడాదికి ఇద్దరు ముగ్గురు విజేతలు ఎందుకు వస్తున్నారు?

మాహర్ కప్ విజేతల పట్టిక ఏడాదివారీగా వేస్తే ఒకే ఏడాదికి ఇద్దరు ముగ్గురు పేర్లు వస్తున్నాయా? మీ పట్టిక తప్పు కాదండి. మాహర్ కప్‌ను మామూలు లీగ్ టోర్నీలా లెక్కేయడం వల్లే ఒక్కో ఏడాదికి ఇద్దరు ముగ్గురు విజేతలు వస్తున్నారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో టూముట్, గుండగై, కూటమండ్ర లాంటి ఊళ్ల మధ్య 1971 దాకా సాగిన ఈ రగ్బీ లీగ్ కప్పు సవాలు పద్ధతిలో నడిచింది. కప్పు ఉన్న ఊరిని ఇంకో ఊరు సవాలు చేసేది, గెలిస్తే పట్టుకుపోయేది. ఒకే సీజన్‌లో అది చాలాసార్లు చేతులు మారేది.

1. 'ఏడాది విజేత' గడి తీసేయండి. తేదీ, కప్పు ఉన్న ఊరు, సవాలు చేసిన ఊరు, స్కోరు పెట్టండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ప్రతి వరుసలో గెలిచిన ఊరే తర్వాతి వరుసలో కప్పు ఉన్న ఊరు కావాలి. సీజన్ మారినా అంతే, చివరి విజేత దగ్గరే కప్పు ఉంటుంది. ఎక్కడ పేరు కలవలేదో, అక్కడ మధ్యలో మ్యాచ్ తప్పిపోయి ఉండొచ్చు. ఈ ఒక్క తనిఖీతో సగం టెన్షన్ పోతుంది.

3. ఆ ఖాళీ తేదీలకు ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి ఆన్‌లైన్ భాండాగారం ట్రోవ్‌లో పాత స్థానిక పత్రికలు చూడండి. స్కాన్‌లో అక్షరాలు చెడిపోతాయి కాబట్టి కప్పు పేరుతో కాక రెండు ఊళ్ల పేర్లతో వెతకండి. అక్కడ చాలా పత్రికలు 1954 దగ్గరే ఆగుతాయి.

4. ఆ ప్రాంతపు రగ్బీ లీగ్ పోటీ అయిన గ్రూప్ 9 ఛాంపియన్‌షిప్ వేరే. దానికి ఇంకో పట్టిక పెట్టండి.