గ్రీన్ కార్డు వస్తుంది సరే, ఆసుపత్రి బిల్లు ఎవరు కడతారు?

రిటైరయ్యాక విదేశంలో పిల్లల దగ్గర స్థిరపడే విషయమై నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల పాఠకులు పంపిన ఉత్తరాల్లో కొన్నింటికి జవాబులివి. పన్నులు, వలస వ్యవహారాలు చూసేవారు కలిసి రాశారు. రుసుములు 2026 మొదటి నాటివి. దరఖాస్తు పెట్టే రోజున మరోసారి సరిచూసుకోండి. రూపాయల్లో చెప్పినచోట డాలరుకు 90 లెక్క వేశాం.

ప్రశ్న: హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. నాకు 67, నా భార్యకు 63. పింఛను నెలకు 52 వేలు. ఇద్దరికీ షుగరు, నాకు బీపీ కూడా. టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయికి పోయినేడు పౌరసత్వం వచ్చింది. మాకు గ్రీన్ కార్డు వేస్తానంటున్నాడు. ఖర్చెంత? లాభమేమైనా ఉందా? – కావలి

కార్డు తెచ్చుకోవడం ఇందులో తేలికైన భాగం. 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరుడు తల్లిదండ్రులకు వేసే దరఖాస్తుకు ఏటా ఇన్నేనన్న కోటా లేదు కాబట్టి క్యూలో ఏళ్లకేళ్లు నిలబడక్కర్లేదు. అయినా ఏడాది పైనే పడుతుందనుకోండి. తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి, రెండు ఐ-130 దరఖాస్తులు వేయాలి. కాగితంపై అయితే ఒక్కోదానికి 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో 625. తర్వాత వీసా రుసుము 325, పోషణ అఫిడవిట్ (మిమ్మల్ని పోషిస్తానని అబ్బాయి ఇచ్చే హామీ) పరిశీలనకు 120, కార్డు ముద్రణకు ముందు 235. అన్నీ కలిపి తలకు 1,300 డాలర్ల పైచిలుకు. వైద్య పరీక్ష, టీకాలు, పోలీసు క్లియరెన్సు, ప్రయాణం వేరే.

మనవాళ్ల ఫైళ్లు ఆగేది డబ్బు దగ్గర కాదు, పేర్ల దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, అబ్బాయి పదో తరగతి సర్టిఫికెట్లో పొడి అక్షరం ఉంటుంది, తల్లి పేరు చివర ఒకచోట 'అమ్మ' ఉండి మరోచోట ఉండదు. దరఖాస్తుకు ముందే ఇవి సరిచేయించుకోండి. తల్లికి వేసేటప్పుడు ఆమె పేరున్న కొడుకు జనన పత్రం చాలు. తండ్రికి దాంతోపాటు మీ పెళ్లి పత్రం కూడా కావాలి. ఆ రోజుల్లో రిజిస్టరు చేయించలేదు కదా, హిందూ వివాహ చట్టం కింద ఇప్పుడైనా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేయించుకోవచ్చు. మీ పుట్టుక రికార్డు మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో లేకపోతే, లేదని పత్రం రాయించుకుని, ఎస్సెల్సీ సర్టిఫికెట్టు, దగ్గరి బంధువుల అఫిడవిట్లు జతచేయాలి.

అసలు లెక్క విమానం దిగాక మొదలవుతుంది. అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ కొత్తగా వచ్చినవారికి వెంటనే దొరకదు. అక్కడ పనిచేసిన చరిత్ర లేనివారికి 65 నిండాలి, కార్డుతో వరుసగా అయిదేళ్లు అక్కడే నివసించి ఉండాలి. అప్పుడైనా ఉచితం కాదు. 2026లో ఆసుపత్రి భాగానికి నెలకు 565, డాక్టర్ల భాగానికి 202.90, మొత్తం తలకు 767.90 డాలర్లు. మన డబ్బులో దాదాపు 69 వేలు. మీ పింఛను ఒక్కరి ప్రీమియానికే చాలదు.

ఆ అయిదేళ్లూ ప్రైవేటు బీమాయే దిక్కు. 'మార్కెట్‌ప్లేస్' (ప్రభుత్వం నడిపే ప్రైవేటు బీమా సంత) ప్లాన్లలో ఒక పెద్ద మేలుంది. షుగరు, బీపీ ముందే ఉన్నా కాదనరు, మొదటి రోజు నుంచే వైద్యం వర్తిస్తుంది. చిక్కల్లా ధర. చాలా రాష్ట్రాల్లో 64 దాటినవారికి, 21 ఏళ్ల కుర్రవాడికి వేసేదానికి మూడు రెట్ల దాకా వేయొచ్చు. న్యూయార్క్, వెర్మాంట్‌లో వయసును బట్టి రేటు మారదు, టెక్సాస్‌లో మారుతుంది. సబ్సిడీ లేకుండా తలకు వెయ్యి డాలర్లు దాటుతుంది. ఇద్దరికీ కలిపి నెలకు లక్షా ఎనభై వేల పైమాట.

సబ్సిడీ రాదా అంటారేమో. ఇద్దరున్న ఇంటికి దారిద్ర్యరేఖ 21,150 డాలర్లు. మీ పింఛను ఏడాదికి సుమారు 6,900 డాలర్లే. పూర్వం మీలాంటి కొత్త కార్డుదారులకు, ఆదాయం ఆ గీత కింద ఉన్నా సబ్సిడీ ఇచ్చేవారు. 2025లో వచ్చిన చట్టంతో 2026 నుంచి అది పోయింది. పేదల బీమా మెడికెయిడ్‌కూ చాలా రాష్ట్రాల్లో అయిదేళ్ల ఆంక్షే. అబ్బాయి మిమ్మల్ని తన రిటర్నులో ఆశ్రితులుగా చూపితే తప్ప అతని జీతం మీ లెక్కలోకి రాదు, చూపితే సబ్సిడీకి అతని ఆదాయం ఎక్కువైపోవచ్చు. కాబట్టి ఈ ప్రీమియం అతను తన జేబులోంచి కట్టాల్సిందే. ముందు ఆ మాట అతనితో, కోడలితో కలిసి విడమర్చి మాట్లాడండి. వెళ్తే మాత్రం దిగిన 60 రోజుల్లో ప్లానులో చేరాలి. ఆ గడువు దాటితే నవంబరు 1న మొదలయ్యే నమోదు దాకా ఆగి, జనవరి వరకు బీమా లేకుండా గడపాలి.

మా అభిప్రాయం అడిగారు కాబట్టి: ఐ-130 వేయకముందే సందర్శక వీసాపై వెళ్లి ఒక చలికాలం ఉండి చూడండి. వేశాక సందర్శక వీసా అడిగితే, స్థిరపడే ఉద్దేశం ఉందని అధికారి తిరస్కరించే అవకాశం ఎక్కువ. అలాగని నానుస్తూ కూర్చోవడమూ మంచిది కాదు. మెడికేర్ అయిదేళ్ల గడియారం మీరక్కడ కాపురం పెట్టినప్పుడే మొదలవుతుంది. 67లో వెళితే 72కి చేతికొస్తుంది, 75లో వెళితే 80కి. మనవలు పెద్దవాళ్లయ్యాక, గుండెకు స్టెంటు పడ్డాక బయల్దేరడం అన్నిటికన్నా ఖరీదైన దారి. ఏది నిర్ణయించుకున్నా పళ్లు, కంటి శుక్లాలు ఇక్కడే చేయించుకోండి. మామూలు పంటివైద్యాన్ని మెడికేర్ కూడా భరించదు.

ప్రశ్న: మాకు కోవూరు దగ్గర ఆరెకరాల మాగాణి, నెల్లూరులో అరవై అంకణాల ఇల్లు ఉన్నాయి. అన్నీ అమ్మేసి న్యూజెర్సీ వచ్చేయమంటోంది మా అమ్మాయి. అమ్మాలా, కౌలుకిచ్చి వెళ్లాలా? – కోవూరు

ఇల్లు మాత్రం ఇప్పుడే అమ్మకండి. అక్కడ పడక తిరిగొస్తే తలదాచుకోవడానికి ఆ అరవై అంకణాలే ఉంటాయి. ఈ రోజుల్లో మళ్లీ కొనడం మాటలు కాదు.

పొలం సంగతి వేరు. దీన్ని విడిగా ఆలోచించాలి. మీరు ప్రవాసి అయ్యాక కూడా ఇప్పుడున్న పొలం ఉంచుకోవచ్చు, చట్టం అడ్డురాదు. కానీ కొత్తగా సాగుభూమి కొనలేరు. ఉన్నది అమ్మాలన్నా ఇండియాలో నివసించే భారత పౌరుడికే అమ్మాలి. రేపు అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే కార్డు) పొందినా ఈ కట్టుబాటే.

పన్ను విషయంలో చాలామంది పట్టించుకోని మెలిక ఒకటుంది. పల్లెలో సాగుభూమి అమ్మితే ఇక్కడ మూలధన లాభం పన్ను లేదు, పంట ఆదాయానికీ లేదు. మీరు గ్రీన్ కార్డుతో అమెరికాలో అడుగుపెట్టాక అదే పొలం అమ్మారో, ఎప్పుడో కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మొత్తాన్ని అక్కడి రిటర్నులో చూపాలి. ఇక్కడ పన్నే కట్టలేదు కాబట్టి అక్కడ తగ్గించుకోవడానికి క్రెడిట్ కూడా ఉండదు. ఏటా వచ్చే కౌలు డబ్బుదీ ఇదే దారి. అందుకని పొలం అమ్మే ఉద్దేశమే ఉంటే, ఇమిగ్రెంటు వీసాపై అక్కడ దిగకముందే రిజిస్ట్రేషన్ ముగించండి.

అయితే మీ పొలం 'పల్లె' కిందకి వస్తుందా అన్నది కొలిపించుకోవాలి. లక్ష నుంచి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణ హద్దు నుంచి 6 కిలోమీటర్లలోపు, పదివేల నుంచి లక్ష లోపు ఉన్నదాని నుంచి 2 కిలోమీటర్లలోపు ఉంటే అది పట్టణ భూమి కిందే లెక్క. పైగా రోడ్డు దూరం చూడరు, తిన్నగా కొలిచిన గాలి దూరమే చూస్తారు. కోవూరంటే పెన్న దాటితే నెల్లూరే, అటు బుచ్చిరెడ్డిపాలెం నగర పంచాయతీ ఉంది. మీ చేను ఆ గీతలోపల పడితే ఇక్కడ 12.5 శాతం పన్ను తప్పదు. మీరు అప్పటికే ప్రవాసి అయితే కొన్నవాడు టీడీఎస్ కోయాల్సింది కూడా ఎక్కువ. లాభం మీదే కోయాలంటే ముందుగా ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ టీడీఎస్ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. లేకపోతే మొత్తం ధర మీద కోసేస్తారు, తిరిగి రాబట్టుకోవడానికి ఏడాది తిరగాలి.

కౌలుకిచ్చి వెళ్లేటట్లయితే పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడుండగానే రిజిస్టరు చేయించండి. అందులో కౌలు వసూలు, శిస్తు, కరెంటు కనెక్షను, అవసరమైతే కోర్టు పని వరకే రాయించండి. అమ్మే అధికారం ఎంత దగ్గరివారికైనా రాయకండి. అక్కడికి వెళ్లాక రాయాల్సి వస్తే కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. వెళ్లేముందు 1-బి, అడంగల్ (భూమి రికార్డుల) ప్రింట్లు, ఈసీ (భూమిపై లావాదేవీల పత్రం) తీసి స్కాన్ చేసి పెట్టుకోండి. హద్దు తగాదా ఏమైనా ఉంటే సర్వే చేయించి రాళ్లు పాతించండి, వెళ్లాక అవి జరిపేవాళ్లకు కొదవ ఉండదు.

బ్యాంకులోనూ పని ఉంది. ఇక్కడి పొదుపు ఖాతా ఎన్‌ఆర్‌ఓగా (ప్రవాసుల రూపాయి ఖాతాగా) మార్పించుకోవాలి. ఆ వడ్డీపై 30 శాతం టీడీఎస్, సెస్సు అదనం. అమెరికా నివాస ధ్రువపత్రం బ్యాంకుకిస్తే రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతానికి దిగుతుంది. ఎన్‌ఆర్‌ఓ నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు బయటకు పంపుకోవచ్చు, అది మనలో చాలామందికి సరిపోయే పరిమితే.

ప్రశ్న: విద్యుత్ శాఖలో చేసి రిటైరయ్యాను. రెండేళ్ల క్రితం గ్రీన్ కార్డు వచ్చింది. ఏడాదిలో ఏడు నెలలు ఇక్కడే ఉంటున్నాను. ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. అక్కడ నాకు ఆదాయమేమీ లేదు కాబట్టి రిటర్ను వేయలేదు. ఇబ్బందా? – ఒంగోలు

రెండు ఇబ్బందులున్నాయండి. కార్డు ఉన్నంతకాలం ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికా రిటర్నులో చూపాల్సిందే: ఎఫ్‌డీ వడ్డీ, పింఛను, పీపీఎఫ్ వడ్డీ, అన్నీ. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ వస్తుంది కాబట్టి రెండుసార్లు కట్టేది తక్కువే. రిటర్ను వేయకపోవడమే తప్పు. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక విడిగా పంపాలి. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబరు 15 దాకా పొడిగింపు ఉంటుంది. పన్ను బాకీ లేకపోయినా జరిమానా వేలల్లో ఉండొచ్చు. మన మ్యూచువల్ ఫండ్లను అక్కడి చట్టం అనుమానంగా చూస్తుంది. ఒక్కో ఫండుకు ఒక్కో ఫారం 8621 నింపాలి, పన్ను రేటూ కఠినం. ఇంకా కార్డు రానివాళ్లెవరైనా ఇది చదువుతుంటే, వెళ్లకముందే ఫండ్లు అమ్మి ఎఫ్‌డీల్లో వేసుకోవడం మేలు. మీరు మాత్రం రెండు దేశాల పన్నులూ తెలిసిన సీఏతో పాత రెండేళ్ల రిటర్నులు వెంటనే వేయించండి, నోటీసు వచ్చేదాకా ఆగకండి.

రెండోది కార్డుకే ముప్పు. ఒక్క విడతలో 180 రోజులు దాటి బయట ఉంటే తిరిగి వెళ్లినప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి, పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసమూ తెగిందని లెక్కేయవచ్చు. ఏడాది దాటితే కార్డుతో లోపలికి రానివ్వకపోవచ్చు. ఎక్కువ కాలం ఇక్కడుండే పని ఉంటే, అమెరికాలో ఉండగానే ఐ-131 వేసి రీఎంట్రీ పర్మిట్ తీసుకోండి. రుసుము 630 డాలర్లు, రెండేళ్లు చెల్లుతుంది, వేలిముద్రలు అక్కడే ఇవ్వాలి. ఏడు నెలలు ఇక్కడే గడుపుతున్నారంటే మీరు కాపురమున్నది ఒంగోల్లోనే. అలాంటప్పుడు కార్డు తిరిగిచ్చి సందర్శక వీసా తీసుకోవడమే హాయి.

ప్రశ్న: సందర్శక వీసా పదేళ్లకు ఇచ్చారు. ఏడాది ఉండొచ్చా? – కనిగిరి

కూడదు. పదేళ్లు అన్నది తలుపు తట్టడానికి. ఎన్నాళ్లుండాలో దిగినరోజు విమానాశ్రయంలో వేస్తారు, అది ఐ-94 అనే రాకపోకల రికార్డులో ఉంటుంది, సాధారణంగా ఆరు నెలలు. పొడిగింపు కావాలంటే ఆ తేదీ లోపే ఐ-539 వేయాలి, ఆన్‌లైన్‌లో 420 డాలర్లు. గడువు మీద 180 రోజులు దాటి ఉండి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. సందర్శకుల బీమా కొనేటప్పుడు 'ఫిక్స్‌డ్' ప్లాను చౌకగా కనిపిస్తుంది. అది ఒక్కో పనికి ఇంతని లెక్కగట్టి ఇస్తుంది, అసలు బిల్లు దానికి ఎన్నో రెట్లుంటుంది. సమగ్ర ప్లానే తీసుకోండి. అయితే పాత జబ్బుకు మామూలు వైద్యం చాలా ప్లాన్లు ఇవ్వవు, ఉన్నట్టుండి ముదిరితేనే కొంతవరకు ఇస్తాయి.

ప్రశ్న: మా ఇద్దరబ్బాయిల్లో ఒకడు మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. మాకు శాశ్వత వీసా వస్తుందా? – నెల్లూరు

అర్హత ఉంది. పిల్లల్లో కనీసం సగంమంది ఆస్ట్రేలియాలో ఉండాలన్నది వాళ్ల నియమం. కానీ కాంట్రిబ్యూటరీ (ఎక్కువ డబ్బు కట్టే) వీసాకు రెండో విడత రుసుమే తలకు 43,600 ఆస్ట్రేలియా డాలర్లు, వరుసలో పదేళ్లకు పైగా ఆగాలి. డబ్బు తక్కువ పడే వీసాకు ముప్పై ఏళ్లు. మీ వయసుకు 870 అనే తాత్కాలిక వీసా చూసుకోండి, మూడేళ్లకో అయిదేళ్లకో ఇస్తారు, మొత్తం పదేళ్ల దాకా ఉండొచ్చు.

ప్రశ్న: మా అమ్మకు 76. మోకాళ్లు పనిచేయవు, ఒంటరిగా ఉంటోంది. డల్లాస్ తీసుకెళ్లిపోవాలనుకుంటున్నాం. – కందుకూరు నుంచి ఆమె కుమార్తె

ఆమెకు ఇప్పుడు కావలసింది డాక్టరుకన్నా పగలంతా పక్కన మనిషి. ఆ పనికి మెడికేర్ వచ్చాక కూడా డబ్బివ్వదు. అక్కడ ఇంటికొచ్చి చూసుకునే ఆయాకు గంటకు 30 డాలర్ల చుట్టూ అవుతుంది. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తే రోజుకు ఎనిమిది గంటల లెక్కన, నెలలో ఇరవై రెండు రోజులకే 5,280 డాలర్లు. ఆ డబ్బులో నాలుగో వంతుతో కందుకూరులో పగలొకరిని, రాత్రొకరిని పెట్టొచ్చు. ముందు మోకాలి ఆపరేషన్ చేయించి, ఆరు నెలలు ఫిజియోథెరపీ అయ్యాక ఎలా నడుస్తున్నారో చూడండి. ఇక్కడి ఆరోగ్య బీమా ఉంటే ఆమె అమెరికాలో ఉన్నన్నాళ్లూ కూడా ప్రీమియం ఆపకండి, ఒకసారి తెగితే పాత జబ్బులకు నిరీక్షణ మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. పింఛను వస్తుంటే దూరంగా ఉన్నా ఆగదు, ఏటా లైఫ్ సర్టిఫికెట్టు మాత్రం వెళ్లాలి: ఫోనులో ముఖం చూపి జీవన్ ప్రమాణ్ ద్వారానో, కాన్సులేట్ అధికారి సంతకంతోనో. బయల్దేరేముందు ఆధార్‌లో ఫోను నంబరు పనిచేస్తోందో లేదో ఒకసారి చూడండి.