కారు అమ్మేసినా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగితే

ఆదాయం పెరగలేదు, కారు ఎప్పుడో అమ్మేశాం, అయినా ఈ ఏడాది ఫోర్ వీలర్ ఉందంటూ అబ్బాయిని ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అనర్హుడిగా చూపించారని రాశారు కదండీ. రవాణా శాఖ రికార్డులో ఆర్‌సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రం, ఇంకా మీ పేరునే ఉండి ఉంటుంది. డబ్బు చేతులు మారితే చాలదు, యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 దాఖలై పేరు మారాలి. ముందు రవాణా శాఖ వారి పరివాహన్ సైట్లో బండి నంబరు కొట్టి చూడండి. యజమాని పేరు పూర్తిగా కనిపించదు గానీ, మీదో కాదో అక్షరాలను బట్టి తెలిసిపోతుంది. మీదే అయితే కొన్నవారి సంతకాలతో ఆర్టీవో ఆఫీసులో బదిలీ చేయించండి. ఇది వాయిదా వేయొద్దు, రేపు ఆ బండికి ప్రమాదం జరిగినా బాధ్యత మీ మీదికే వస్తుంది.

పేరు మారిన ఆర్‌సీ కాపీ, ఆధార్, రైస్ కార్డు పట్టుకెళ్లి గాజువాకలోని మీ వార్డు సచివాలయంలో అర్జీ పెట్టి, రసీదు తప్పక తీసుకోండి. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్లకు ఈ ఫోర్ వీలర్ నిబంధన వర్తించదు. ఈలోగా అబ్బాయి హాజరు 75 శాతానికి తగ్గకుండా చూసుకోండి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అదీ అవసరమే.