కలుజు మీద బస్తాలు, కట్ట కింద కాలనీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం చెరువుల గురించే. టీవీలో అల్పపీడనం అన్న మాట వినపడగానే మన నెల్లూరు, ప్రకాశం వాళ్లకి ముందు గుర్తొచ్చేది కట్టే కదా. అందుకని పాస్‌బుక్కుల గొడవలు, కరెంటు బిల్లుల ప్రశ్నలు వచ్చే సంచికకి పెట్టుకుందాం.

ప్రశ్న: మాది ఆత్మకూరు దగ్గర పల్లె. చెరువు నిండితే నూరెకరాల్లో నీళ్లు నిలబడతాయి. ఎడగారుకి, అంటే రెండో పంటకి, నీళ్లు చాలడం లేదని యూరియా సంచుల్లో ఇసుక నింపి కలుజు (చెరువు నిండాక ఎక్కువ నీళ్లు బయటికి పొర్లిపోయే అలుగు) మీద అడుగు ఎత్తున పేరుస్తున్నారు. చేపల పాట పాడుకున్నాయన దాని ముందు వల కట్టాడు. కట్ట కిందే మా కాలనీ. అడిగితే "అడుగే కదా, ఇంకా నాలుగడుగుల కట్ట పైకి ఉంది" అంటున్నారు. నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

జవాబు: లేదండీ, ఊళ్లో మీరొక్కరే సరిగ్గా ఆలోచిస్తున్నట్టుంది. వాళ్ల లెక్కలోనే తప్పుంది చూడండి. బస్తాలు లేనప్పుడు కలుజు మట్టం నుంచి కట్ట పైకి ఐదడుగులు అన్నమాట. అందులో రెండడుగులు ముట్టుకోకూడదు, గాలివానకి లేచే అలలకీ, ఎడ్లబండ్లూ ట్రాక్టర్లూ తిరిగి కట్ట కుంగిన చోట్లకీ అవి కావాలి. మిగిలిన మూడడుగుల మందాన నీళ్లు కలుజు మీదుగా పారిపోవాలి. మీరు అడుగు ఎత్తు బస్తాలు వేస్తే రెండడుగుల మందమే పారుతుంది. మూడులో ఒకటి పోయింది కాబట్టి మూడో వంతు తగ్గిందని అందరూ అనుకుంటారు, కానీ మందం తగ్గితే పారే వేగం కూడా తగ్గుతుంది, లెక్క కడితే బయటికి పోయే నీళ్లు దాదాపు సగానికి పడిపోతాయి. అంటే అడుగు బస్తాలతో సగం కలుజు మూసేసినట్టే. పై నుంచి వచ్చే వాగు మాత్రం మీరు బస్తాలు వేశారని తగ్గి రాదు కదా.

ఇక ఆ వల. మీ ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్కతో వదిలేశారు గానీ నాకు బస్తాల కంటే దాని మీదే ఎక్కువ కోపం. మామూలు రోజుల్లో వలలోంచి నీళ్లు బాగానే పోతాయి, చూసేవాళ్లకి ఏమీ అనిపించదు. వరద రోజున గుర్రపుడెక్క, వరిగడ్డి, తుమ్మకంపలు, ప్లాస్టిక్ కవర్లు, ఒక్కోసారి చచ్చిన మేక, అన్నీ కొట్టుకొచ్చి దానికే అతుక్కుంటాయి. గంట తిరక్కుండా అది వల కాదు, గోడ. అప్పుడు అర్ధరాత్రి వానలో, నడుము లోతు ప్రవాహంలో దిగి దాన్ని కోసే మనిషి ఎవరు? ఎవరూ దిగరు, దిగకూడదు కూడా. కాబట్టి పాట ఎంతకి పాడుకున్నా సరే, వాయుగుండం కబురు రాగానే వల విప్పేయాలని ఊరి పెద్దలతో ముందే రాయించుకోండి. చేపలు పోతే పోతాయి.

పోనీ బస్తాలతో వచ్చే లాభమేంటో చూద్దాం. నూరెకరాల చెరువులో ఒక అడుగు నీళ్లు. వరికి ఎకరానికి నాలుగడుగుల నీళ్లు అనుకుంటే పాతిక ఎకరాల ఎడగారు, ఆవిరికీ ఊటకీ పోయేది తీసేస్తే అంత కూడా రాదు. ఆ పాతిక ఎకరాలూ చిన్న విషయమని నేననను, ఆ రైతుకి అదే జీవనం. కానీ దానికి కాలనీని పణం పెట్టక్కర్లేదు. పాతకాలపు కలుజుల మీద వరసగా నిలువు రాళ్లు పాతి ఉంటాయి చూశారా, వాటి మధ్య మట్టీ పచ్చిగడ్డి పెళ్లలూ పెట్టి నీళ్లు కొంచెం ఎత్తుకి ఆపుకునేవాళ్లు. ఎప్పుడు? వానలు వెనకబట్టాక. మనకి పెద్ద వానలన్నీ ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జలవనరుల శాఖ ఆఫీసు వాళ్లకి చెప్పి, సంక్రాంతి ముందర చివరి జల్లుల నీళ్లకి అడ్డం వేసుకుంటే ఎవరూ కాదనరు. అప్పటికి వాగు ఎండిపోయి నీళ్లు రాకపోవచ్చు, ఆ నష్టం ఒప్పుకోవాల్సిందే.

మట్టికట్ట అని చులకన చేయడం లేదు. కండలేరు జలాశయంలో 68 టీఎంసీలు ఆపేది మట్టికట్టలే. కంభం చెరువు విజయనగర రాజుల కాలం నాటిది, గుండ్లకమ్మకి అడ్డంగా రెండు కొండల మధ్య ఈరోజుకీ నిలబడే ఉంది. మట్టి నీళ్లని పక్కనుంచి ఎంతైనా మోస్తుంది, నెత్తిమీద నుంచి పారితే మాత్రం నిలవదు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు తెగినప్పుడు గేట్లున్న కాంక్రీటు భాగం అలాగే ఉంది, కొట్టుకుపోయింది పక్కనున్న మట్టికట్ట. వదలగలిగిన దానికంటే వచ్చిన నీళ్లు ఎక్కువయ్యాయి, అంతే. మీ చెరువు దాని ముందు గోరంత, కానీ జరిగే తీరు అదే.

ఇంకొకటి. 2021లో వచ్చిన డ్యామ్ సేఫ్టీ చట్టం మీ చెరువుని కాపాడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది 15 మీటర్లు దాటిన డ్యాములకి, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి కొన్ని షరతులకి సరిపోయేవాటికి. పల్లె చెరువు కట్టలు చాలావరకు ఆ లెక్కలోకే రావు. కాబట్టి జలవనరుల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) ఒక అర్జీ, తహసీల్దారుకి ఒక కాపీ, బస్తాల ఫొటో జతచేసి ఇవ్వండి. పలకకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి. నోటితో చెప్పినవి వరద వచ్చాక ఎవరికీ గుర్తుండవు.

ప్రశ్న: కట్ట వెనక వైపు అడుగున ఎప్పుడూ చెమ్మగా ఉండేది, ఈ ఏడాది సన్నగా నీళ్లు పారుతున్నాయి. మా ఆయన "ప్రతి చెరువుకీ ఊట ఉంటుంది" అంటారు. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టట్లేదు, టెన్షన్. – కనిగిరి నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఆయన చెప్పిందీ నిజమే, మీ భయమూ నిజమే. ఊట లేని మట్టికట్ట ఉండదు. నీళ్లు ఎన్ని వస్తున్నాయన్నది ఒకటైతే, వాటితో మట్టి వస్తోందా అన్నది అంతకంటే ముఖ్యం. ఒక గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి అరగంట కదపకుండా పెట్టండి. అడుగున మట్టి పేరకపోతే ప్రస్తుతానికి ఊపిరి పీల్చుకోవచ్చు. అయినా రోజూ అదే చోట, అదే బిందె నిండటానికి ఎంతసేపు పడుతోందో చూసి రాసి పెట్టుకోండి. చెరువు మట్టం పెరగకుండానే బిందె తొందరగా నిండుతోందంటే, లేదా నీళ్లు ఎర్రగా బురదగా వస్తున్నాయంటే, కట్ట లోపల బుంగ పడుతోందని అర్థం. ఎలుక బొరియ కావచ్చు, ఎండ్రకాయ బొక్క కావచ్చు, పాత తూము పక్కన వదులైన మట్టి కావచ్చు. ఇక ఆ రోజు వాయిదా వేయకూడదు, అప్పటికప్పుడు ఏఈకి ఫోన్ చేయాలి.

అధికారులు వచ్చేలోపు మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. నీళ్లు బయటికొచ్చే రంధ్రంలో బంకమట్టి కుక్కి బిగించేస్తారు. అది మరో చోట పగిలి ఇంకా పెద్దగా వస్తుంది. బయటి వైపు చేయాల్సింది, ఆ ఊట చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా కట్టి, లోపల ముందు ముతక ఇసుక, దానిమీద కంకర వేయడం. నీళ్లు పోనివ్వాలి, మట్టిని ఆపాలి. మూసే పని ఏదైనా ఉంటే చెరువు లోపలి వైపు నుంచే. అక్కడ నీటి మీద సుడి తిరుగుతున్నట్టు కనిపిస్తే ఆ చోట గుర్తు పెట్టండి, ఎవర్నీ దిగనివ్వకండి. తూము తెరిస్తే మట్టం తగ్గుతుంది గానీ నిదానంగా, అందుకే ముందే తెరిపించాలి. కట్టకి మీ అంతట మీరు గండి కొట్టే ఆలోచన మాత్రం వద్దే వద్దు, కోసిన మట్టి మనం అనుకున్న వెడల్పు దగ్గర ఆగదు.

ప్రశ్న: చెరువులుంటే వరదలే రావు అని మా బావగారి వాదన. నిజమేనా? – కావలి పాఠకుడు

జవాబు: సగం నిజం. ఖాళీ చెరువైతే వచ్చిన నీళ్లన్నీ మింగుతుంది. నిండిన చెరువు కూడా కొంత ఆపుతుంది, ఎందుకంటే కలుజు గట్టిగా పారాలంటే ముందు చెరువంతా అడుగో రెండడుగులో పైకి లేవాలి. నూరెకరాల్లో ఒక్క అడుగు లేవడమంటే దాదాపు 43.5 లక్షల ఘనపుటడుగులు, వెయ్యి క్యూసెక్కుల వరద గంటా పది నిమిషాల పైచిలుకు పోస్తే వచ్చే నీళ్లు. కింది ఊళ్లో వాళ్లు పశువుల్ని విప్పుకుని గట్టెక్కడానికి ఆ గంట తక్కువేం కాదు. అయితే మన జిల్లాల గొడవేంటంటే, అక్టోబరు వానలకే చెరువులు నిండిపోతాయి, అసలు తుఫానులు నవంబరులో, డిసెంబరులో వస్తాయి, అంటే చెరువుకి మింగే శక్తి లేనప్పుడే పెద్ద వరద వస్తుంది. పైగా గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే కిందివీ వరసగా పోతాయి. 2015 నవంబరు వానల్లో నెల్లూరు జిల్లాలో చెరువులు ఎన్ని తెగాయో మీ బావగారికి గుర్తుండే ఉంటుంది. కలుజు కింది వాగుని పూడ్చి రొయ్యల గుంటలు, ప్లాట్లు వేసిన చోట ఇక చెప్పక్కర్లేదు, చెరువు బాగానే ఉన్నా ఊరు మునుగుతుంది.

ప్రశ్న: కట్ట మీద సర్కారు తుమ్మ అడవిలా పెరిగింది. జేసీబీతో పీకించేస్తే?

జవాబు: ఇప్పుడు వద్దు. వానాకాలంలో వేళ్లతో పీకితే కట్ట మీద గుంతలు చేసి నీళ్లకి దారి చూపించినట్టే. ప్రస్తుతానికి మొదలు దాకా నరికించండి, కట్ట ముఖం కనపడితేనే బొరియలూ పగుళ్లూ కనపడతాయి. ఎండాకాలంలో మొద్దులు తవ్వి తీసి, ఆ గుంతల్లో మంచి మట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిస చేయించాలి. నరికి వదిలేస్తే వేర్లు కుళ్లి లోపల గొట్టంలా బోలు మిగులుతుంది. అదే జేసీబీ కట్ట మొదట్లో మట్టి తవ్వి లేఅవుట్లకి తోలుతుంటే మాత్రం ఎండాకాలమైనా ఆపించండి.

ప్రశ్న: కట్ట తెగిందని అర్ధరాత్రి కేక వినపడితే ఎటు పరిగెత్తాలి?

జవాబు: వాగు వెంట కిందికి కాదు, వాగుకి అడ్డంగా, దగ్గర్లో ఉన్న మెరక మీదికి. బండి మీద కాజ్‌వే దాటే ప్రయత్నం వద్దు. ఏ మెరక, ఏ డాబా, ముసలివాళ్లని ఎవరు పట్టుకోవాలి అన్నది పగటిపూటే అనుకోండి, చీకట్లో తేలే విషయం కాదు. ఫోన్‌లో 112, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ 1077, మీ లష్కరు (చెరువు తూము, నీళ్లు చూసుకునే మనిషి) నంబరు, పై చెరువు ఊళ్లో ఒకరి నంబరు ఉండాలి. ఆ చివరిదే అందరికంటే ముందు మోగుతుంది, రాత్రి సైలెంట్‌లో పెట్టకండి.