సమాధానం: నాన్నగారి చావుకు అర్థం వెతకాలా?

2021 మేలో కోవిడ్‌తో నాన్నగారు పోయారని, చివరిచూపు కూడా దక్కలేదని, "అంతా కర్మ" అని బంధువులు అంటుంటే ఒళ్లు మండుతోందని రాశారు. మండదా మరి! ఆ నెలలో దేశంలో రోజుకు 4 లక్షలు దాటి కేసులు వచ్చిన రోజులున్నాయండీ. ఆక్సిజన్ పడకలు దొరకలేదు. దానికి నాన్నగారి పూర్వజన్మను లాగడం అన్యాయం.

నన్నడిగితే, ఆ చావుకు ఏదో అర్థం ఉందని మీరు ఒప్పుకోనక్కర్లేదు. అప్పట్లో ఎంతోమంది ముక్కూమొహం తెలియనివాళ్లకు అంత్యక్రియలు చేశారు, క్వారంటైన్‌లో ఉన్న ఇళ్ల గుమ్మాల్లో క్యారేజీలు పెట్టి వెళ్లారు. వాళ్లెవరూ ముందు అర్థం తేల్చుకుని బయల్దేరలేదు.

నాన్నగారు ఎవరికి ఏం చేసేవారో గుర్తు చేసుకోండి. పక్కింటి పిల్లాడి ఫీజు కట్టడమో, తగాదాలు సర్దడమో. అందులో ఒక్కటి మీరు కొనసాగించండి. అమ్మగారూ మీరూ నాన్నగారి మాటే ఎత్తరన్నారు కదా, ఈసారి ఆబ్దికం రోజున మీరే మొదలుపెట్టండి. ఒకరు ఏడుస్తారని ఇంకొకరు దాచడం చాలా ఇళ్లలో ఉన్నదే.

నిద్ర పట్టకపోవడం ఇలాగే సాగినా, బతకాలని లేదనిపించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.