రింగు పక్కన: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమెరికా కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ టీవీలో చూపించే కుస్తీలో, ఒక్కొక్కరే రింగులోకి వచ్చి ఒకర్నొకరు బయటికి విసిరేసుకునే పోటీ ఉంది కదా, ఆ రాయల్ రంబుల్‌లో మధ్య తాడు సందులోంచి బయటికి జారిపోయినవాడు ఔటా, కాదా? ఒంటికాలు నేలకు తగిలితే? దీని మీద మా ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: రెండు సందర్భాల్లోనూ ఔట్ కాదు. పై తాడు మీదుగా బయటికి పోవాలి, రెండు పాదాలూ నేలకు తగలాలి. ఈ రెండూ జరిగితేనే ఔట్. సందులోంచి జారినవాడు రింగు కింద కాసేపు దాక్కుని తిరిగొచ్చినా చెల్లుతుంది.

ఒంటికాలి సంగతికి 1995 రంబుల్ చూడండి. మొదటి నంబరుతో వచ్చిన షాన్ మైఖేల్స్, చివర్లో బ్రిటిష్ బుల్‌డాగ్ పై తాడు మీదుగా విసిరేసినా తాడు వదల్లేదు. ఒక పాదం నేలను తాకింది, రెండోది గాల్లోనే ఆగింది. గెలిచాననుకుని బుల్‌డాగ్ సంబరం చేసుకుంటుంటే, షాన్ వెనక నుంచి వచ్చి అతన్ని బయటికి తోసేసి గెలిచాడు. 2012లో కోఫీ కింగ్‌స్టన్ రెండు చేతుల మీద నిలబడి, చేతులతోనే నడుచుకుంటూ ఇనప మెట్ల దాకా వెళ్లాడు. లెక్క పాదాలకే గానీ చేతులకు కాదు కదా! ఇద్దరూ ఒకేసారి నేలను తాకితే ఏం చెయ్యాలన్నది మాత్రం ఏడాదికో తీరు. 1994లో బ్రెట్ హార్ట్, లెక్స్ లూగర్ ఇద్దర్నీ విజేతలన్నారు. 2005లో బటిస్టా, సీనా పడితే పోటీ మళ్లీ మొదలుపెట్టించారు, బటిస్టా గెలిచాడు. మీ అన్నదమ్ములు ఈ నాలుగూ వరసగా చూస్తే గొడవ తీరుతుంది.

ప్రశ్న: ఛాంపియన్ ఓడిపోయినా బెల్టు అతని దగ్గరే ఎందుకు ఉంటోంది?
– ఒక విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: మామూలు పోటీలో బెల్టు చేతులు మారాలంటే భుజాలు ఆనించి మూడు లెక్కపెట్టించాలి, లేదా పట్టు బిగించి ఒప్పుకునేలా చెయ్యాలి. కుర్చీతో కొట్టి అనర్హుడైనా, రింగు బయట పది లెక్కపెట్టేదాకా ఉండిపోయినా ఓటమే, కానీ బెల్టు కదలదు. తెలివైన ఛాంపియన్ కావాలనే బయట ఉండిపోయేది అందుకే. నిచ్చెన పోటీలో ఈ ఎత్తు పారదు. అక్కడ అనర్హత లేదు, పైన వేలాడేదాన్ని ఎవరు దింపితే వాళ్లదే.

ప్రశ్న: మా చిన్నాడికి తొమ్మిదేళ్లు. టీవీలో చూసి మంచం మీంచి తమ్ముడి మీదకి దూకుతున్నాడు. “రింగు కూడా పరుపేనమ్మా, ఏం కాదు” అంటాడు. నిజంగా పరుపేనా?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: పరుపు కాదమ్మా. డబ్ల్యూడబ్ల్యూఈ రింగు 20 అడుగులకు 20 అడుగులు. అడుగున ఇనప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, ఆపైన పలచటి ఫోమ్, దాని మీద బిగించి కట్టిన కాన్వాసు. పలకలు కాస్త వంగుతాయి, ఆ వంగడమే దెబ్బలో కొంత మింగుతుంది. కింద ఖాళీ కాబట్టి పడ్డప్పుడు డప్పులా మోగుతుంది. మిగిలిన దెబ్బంతా ఒంటికే.

దాన్ని కాచుకోవడానికే పడటం నేర్చుకుంటారు. గడ్డం ఛాతీకి ఆనించాలి. వీపు పైభాగమంతా ఒకేసారి బల్లపరుపుగా తగలాలి. చేతులు రెండు పక్కలా చాచి, అరచేతులతో నేలను చరచాలి. ఊపిరి వదిలెయ్యాలి. గడ్డం లేచిందా, తల వెనక భాగం కొట్టుకుంటుంది. భయంతో చెయ్యి వెనక్కి ఆనించారా, మణికట్టో మోచెయ్యో పోతుంది. ఎత్తి పడేసేటప్పుడు ఎత్తేవాడి బలం సగమైతే, పడేవాడి సాయం సగం. తొమ్మిదేళ్ల అన్నకీ వాడి తమ్ముడికీ ఆ ఒప్పందం ఎక్కడుంటుంది?

ఆరితేరినవాళ్లకే తప్పుతుంది. 1997 ఆగస్టు 3న సమ్మర్‌స్లామ్ పోటీల్లో ఓవెన్ హార్ట్, స్టీవ్ ఆస్టిన్‌ని తలకిందులుగా పట్టుకుని మోకాళ్ల మీద కాకుండా కూలబడ్డాడు. ఆస్టిన్ తల తొడల కంటే కిందికి ఉండిపోయి, బరువంతా మెడ మీద పడింది. కాసేపు కాళ్లూ చేతులూ కదపలేకపోయాడు. ఆ మెడే చివరికి అతన్ని ఆట మాన్పించింది.

ఇంట్లో పరుపు ఇంకా ప్రమాదం. మెత్తగా దిగబడుతుంది కాబట్టి తల ఒకవైపు కూరుకుపోయి, ఒళ్లు ఇంకోవైపు దొర్లి, మెడ మెలితిరుగుతుంది. మంచం పట్టె గురించి చెప్పక్కర్లేదు. తలకిందులుగా ఎత్తడం, మెడ పట్టుకోవడం, ఎత్తు నుంచి దూకడం, ఈ మూడూ పూర్తిగా మాన్పించండి. ఎప్పుడైనా పడి మెడ నొప్పి అన్నా, చేతులు తిమ్మిరి అన్నా లేపి కూర్చోబెట్టకండి. తల కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యండి. వాడికి సరదా అంతగా ఉంటే జూడోలో చేర్పించండి. అక్కడ మొదట నేర్పేది పడటమే.

ప్రశ్న: హెల్ ఇన్ ఎ సెల్, ఎలిమినేషన్ ఛాంబర్ రెండూ బోనులే కదా, తేడా ఏమిటి?
– ఒక పాఠకురాలు, కంచరపాలెం

జవాబు: సెల్ రింగుతో పాటు చుట్టూ ఉన్న నేలని కూడా కప్పేస్తుంది, పైన కప్పుంటుంది. మామూలుగా ఇద్దరే, తప్పించుకోవడం గెలుపు కాదు. మొదటిది 1997 అక్టోబరులో అండర్‌టేకర్, షాన్ మైఖేల్స్ మధ్య. 1998లో మ్యాన్‌కైండ్ కప్పు మీంచి వ్యాఖ్యాతల బల్ల మీద పడ్డది కూడా సెల్‌లోనే. ఛాంబర్‌లో ఆరుగురు. ఇద్దరు మొదలుపెడితే నలుగురు గదుల్లో ఉంటారు, ఐదేసి నిమిషాలకు ఒక్కో తలుపు తెరుచుకుంటుంది, చివరికి మిగిలినవాడు విజేత. మొదటిది 2002 సర్వైవర్ సిరీస్‌లో, గెలిచింది మళ్లీ షానే. పగ తీర్చుకునే కథకి సెల్‌ని మించింది లేదు. ఛాంబర్‌లో మాత్రం ముందొచ్చినవాడు ఎంత అలిసిపోయాడో గమనిస్తూ చూడండి, ఆ పోటీ రుచంతా అందులోనే ఉంది.

ప్రశ్న: బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి గారి విగ్రహం చూపించి “కుస్తీ అంటే అదిరా, నువ్వు చూసేది కాదు” అంటాడు మా తాత. ఏమని చెప్పను?
– ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం

జవాబు: తాతగారిది న్యాయమైన మాటే. కుస్తీలో ప్రత్యర్థి వీపు మట్టికి ఆనించి చిత్తు చేస్తే అక్కడితో సరి, గెలుపోటములు ముందు ఎవరికీ తెలియవు. మనం టీవీలో చూసేదాంట్లో ఫలితం ముందే నిర్ణయం. డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీయే 1989లో న్యూజెర్సీ రాష్ట్ర అధికారులకు ఇది వినోదమని చెప్పుకుంది. కానీ పడటం నిజం, బరువు నిజం, గాయం నిజం. రెఫరీ రెండు చేతులూ తల పైన అడ్డంగా పెట్టి గుణకారం గుర్తు చూపిస్తే, అది సాధారణంగా నిజమైన దెబ్బ తగిలిందని వైద్యులకు కబురు. అది వచ్చినప్పుడు తాతగారికి చూపించండి.

ప్రశ్న: ఈ పోటీలు లైవ్‌లో చూడాలంటే విశాఖలో ఏ టైముకి లేవాలి?
– ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: అమెరికా తూర్పు తీరం లెక్కన శనివారం సాయంత్రం 7 గంటలంటే, మనకి ఆదివారం తెల్లవారుజాము 4:30. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అక్కడి గడియారం మారుతుంది కాబట్టి 5:30. సౌదీలో రాత్రి 8కి మొదలైతే మనకి అదే రాత్రి 10:30. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఇవి నెట్‌ఫ్లిక్స్‌లో వస్తున్నాయి, తర్వాతైనా చూసుకోవచ్చు. ఎవరు గెలిచారో ముందే తెలిసిపోకుండా అప్పటిదాకా ఫోను పక్కన పెట్టండి.